పల్లపు నేల నుంచి రమ్ దీవి కొండలకి: గైడుతో నడక, గుడారంలో బస

అడిగినదాని సారం ఇది. అమలాపురం చుట్టుపక్కల ఊళ్ల నుంచి నలుగురు, 35 నుంచి 52 ఏళ్ల మధ్య వాళ్లు, వచ్చే మే నెల మూడో వారంలో స్కాట్లాండ్ పడమటి తీరంలోని రమ్ దీవికి వెళ్తున్నారు. గైడు ఉంటాడు. ఐదు రోజుల నడక, నాలుగు రాత్రులు గుడారాల్లో. ఎవరూ ఇప్పటిదాకా బరువు మోసుకుని కొండ ఎక్కింది లేదు. "అన్నవరం మెట్లెక్కేస్తాం, గోదావరి ఈదేస్తాం, వానంటే భయం లేదు, ఇంకేం చూసుకోవాలండీ?" అన్నారు.

ఆ మూడింట్లో మొదటిది పనికొస్తుంది. మిగతా రెండే మిమ్మల్ని ఇబ్బంది పెట్టేవి.

ముందు వాన సంగతి. మన వాన వెచ్చటిదండి. శ్రావణంలో గట్టు మీద తడిసి ముద్దయినా ఇంటికొచ్చి తుండుతో తుడుచుకుంటే అయిపోతుంది. రమ్‌లో మే నెలలో తీరం దగ్గర పగటిపూట 10 నుంచి 14 డిగ్రీలు ఉంటుంది. పైకి వెళ్లేకొద్దీ ప్రతి 100 మీటర్లకీ ముప్పావు డిగ్రీ నుంచి ఒక డిగ్రీ దాకా తగ్గుతుంది. అంటే 800 మీటర్ల శిఖరం మీద 5 డిగ్రీలు. దానికి గంటకు 50 కి.మీ. గాలి తోడైతే ఒంటికి తెలిసే చలి సున్నా కిందకి పోతుంది. అట్లాంటిక్ మీంచి నేరుగా వచ్చే గాలి కాబట్టి అంత వేగం అక్కడ వింతేమీ కాదు. ఆ గాలిలో తడి నూలు బనియను వేసుకుని పావుగంట నిలబడితే ఒంట్లో వేడి ఎంత వేగంగా పోతుందో మనకి అలవాటు లేదు. మంచు పడితేనే చలి దెబ్బ తగులుతుందనుకోకండి. 8–10 డిగ్రీల్లో, తడిలో, గాలిలో కూడా మనిషి పడిపోతాడు. గుర్తులు వరసగా ఇలా వస్తాయి: వణుకు, ముభావం, చేతివేళ్లతో జిప్పు లాగలేకపోవడం, మాట ముద్దగా రావడం, అడుగు తడబడటం. తడిబట్టలు మార్చకుండానే వణుకు ఆగిపోయిందంటే తగ్గిందని కాదు, ముదిరిందని. అప్పుడు నడిపించకండి. గాలి తగలని చోట కూర్చోబెట్టి, పొడి బట్టలు మార్చి, స్లీపింగ్ బ్యాగులో పెట్టి, మింగగలిగితే తీపి పదార్థం పెట్టండి.

కాబట్టి నూలు ఒక్క పోగు కూడా వద్దు. లుంగీ, జీన్సు, కాటన్ బనియను, నూలు మేజోళ్లు, అన్నీ ఇంట్లోనే. ఒంటికి ఆనుకుని మెరినో ఉన్నిది గానీ పాలిస్టర్‌ది గానీ పల్చటి పొడుగు చేతుల చొక్కా, దాని మీద ఫ్లీసు అనే మెత్తటి నూగు చొక్కా, ఆపైన తలకి టోపీ ఉన్న వాటర్‌ప్రూఫ్ జాకెట్టు. వాటర్‌ప్రూఫ్ ప్యాంటు కూడా ఉండాలి. మనవాళ్లు జాకెట్టుకి డబ్బు పెట్టి ప్యాంటు దగ్గర ఆగిపోతారు, తొడలు తడిసి చలి అక్కడి నుంచే మొదలవుతుంది. మోటారు సైకిలు మీద వేసుకునే రెయిన్‌కోటు పనికిరాదు. లోపలి చెమట బయటికి పోదు, ఎక్కుడులో గంటకల్లా వానలో తడిసినట్టే తడుస్తారు. ఉన్ని టోపీ, చేతి తొడుగులు రెండేసి జతలు పెట్టుకోండి. రాత్రి పడుకునే జత బట్టలు వేరుగా మూట కట్టి, చలి దెబ్బ తగిలితే తప్ప, ఎంత కష్టమొచ్చినా పగలు తొడగొద్దు. పొద్దున్నే తడి బట్టలే మళ్లీ వేసుకోవాలి. ఇది చాలామందికి మింగుడు పడని నియమం, కానీ రెండో రాత్రి పొడిగా పడుకోవాలంటే వేరే దారి లేదు.

దీవి సంగతి రెండు మాటల్లో. రమ్ దాదాపు 104 చదరపు కి.మీ. 1957 నుంచి జాతీయ ప్రకృతి రిజర్వు. ఊరు ఒక్కటే, కిన్‌లాక్, పదుల్లో జనం. మాలెయిగ్ రేవు నుంచి పడవ. దక్షిణాన కొండల వరస ఉంది: హాలివల్ 723 మీ., ఆస్కివల్ 812 మీ., ట్రోలవల్ 702 మీ., ఐన్‌ష్వల్ 781 మీ. గైడు ఈ వరస మొత్తం ఒక్క రోజులో దాటించే కార్యక్రమం పెట్టి ఉంటే ముందే మాట్లాడి మార్పించుకోండి. చేతులతో రాయి పట్టుకుని ఎక్కాల్సిన చోట్లు చాలా ఉన్నాయి. ఆస్కివల్ ఉత్తరపు గట్టు మీది రాతి కొమ్ము తాడుతో ఎక్కేవాళ్లది, మామూలు నడకవాళ్లు తూర్పు పక్కగా చుట్టి పోవాలి. మొదటిసారి వెళ్లేవాళ్లకి నా ఎంపిక ఇది: మొదటి రోజు కిన్‌లాక్ దగ్గరే బస. రెండో రోజు తీరం వెంట డిబిడిల్ అనే లోయకి నడక. మూడో రోజు బరువు గుడారంలో వదిలి చుట్టుపక్కల నడక. నాలుగో రోజు వెనక్కి. ఆకాశం బాగుంటే ఐదో రోజు హాలివల్. ఆస్కివల్ కోసం తెరిపి లేని వాతావరణంలో పరుగెత్తడం అనవసరం.

మే మూడో వారం మంచి ఎంపికే. మిడ్జీలనే నలుసంత దోమలు అక్కడ మే చివర్లో మొదలై సెప్టెంబరు దాకా ఉంటాయి. కుట్టిన చోట దురద తప్ప జబ్బు రాదు గానీ గాలి ఆగిన సాయంత్రం వేలల్లో మూగితే అన్నం తినలేరు. గాలి గంటకు 11 కి.మీ. దాటితే ఎగరలేవు. అందుకే గుడారం మరీ చాటున కాకుండా కాస్త గాలి ఆడే చోట వేయాలి. తలకి వేసుకునే వల ఒకటి బ్యాగులో ఉంచుకోండి, 30 గ్రాములు కూడా బరువుండదు. ఆ రోజుల్లో పొద్దు కుంకేసరికి దాదాపు రాత్రి 10 అవుతుంది, తెల్లవారుజామున 5 లోపే వెలుగొస్తుంది. కళ్లకి గంతలు తీసుకెళ్లండి.

ఇక కాళ్లు. డెల్టాలో ఎత్తంటే ఏటిగట్టు, వాటర్ ట్యాంకు, డాబా. దాంతోనే సాధన చేయొచ్చు. మూడంతస్తుల మేడ డాబా దాకా 10 మీటర్లు అనుకుంటే 30 సార్లు ఎక్కితే 300 మీటర్లు. వారంలో రెండు రోజులు మేడ మెట్లు, ఒక రోజు గట్టు మీద 12–15 కి.మీ. నడక, నెలకి ఒకసారి కోరుకొండ గానీ మారేడుమిల్లి వైపు గానీ వెళ్లి నిజమైన ఎక్కుడు. 16 వారాలు ముందు మొదలెట్టండి. మొదటి నాలుగు వారాలు ఖాళీ చేతులతో, తర్వాత 5 కిలోలు, ఎనిమిదో వారానికి 8, పన్నెండో వారానికి 12–13. బరువుకి నీళ్ల సీసాలు పెట్టుకోండి. మొదట్లో పైకెక్కాక నీళ్లు పారబోసి ఉత్తి బ్యాగుతో దిగండి, మోకాళ్లు బతుకుతాయి. కానీ చివరి ఆరు వారాలు బరువుతోనే దిగాలి. ఎక్కేటప్పుడు ఆయాసమే వస్తుంది, దిగేటప్పుడు తొడ కండరం సాగుతూ బరువు మోస్తుంది, అందుకే మర్నాడు నొప్పి. ఈ అలవాటు గట్టు మీద నడిస్తే రాదు, మెట్లు దిగితేనే వస్తుంది. అసలు మానేయకూడనిది ఇదే.

వేగం లెక్క ఒకటి నేర్చుకోండి. చదునులో గంటకి 5 కి.మీ., ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకీ ఇంకో గంట. ఇది తేలికపాటి బరువుతో, మంచి దారిలో. గుడారం మోస్తూ తడి నేలలో అయితే వచ్చినదానికి సగం కలపాలి. కిన్‌లాక్ నుంచి డిబిడిల్ 8 కి.మీ. పైచిలుకు. మొత్తం ఎక్కుడు 300 మీటర్లు అనుకుంటే లెక్కకి రెండు గంటల పది నిమిషాలు, సగం కలిపితే మూడుంపావు. ఇక్కడ గట్టు మీద 8 కి.మీ. గంటన్నరలో వెళ్లేవాళ్లు ఇది నమ్మరు. అక్కడి నేల చూస్తే నమ్ముతారు. పీట్ అంటే వేల ఏళ్లుగా కుళ్లీ కుళ్లని నాచు, గడ్డి పేరుకున్న నల్లటి నేల. తీరప్రాంతపు పర్రలో నడిచినవాళ్లకి ఆ మెత్తదనం తెలుసు, కాకపోతే ఇక్కడ అది పల్లంలోనే ఉంటుంది, అక్కడ కొండవాలు మీద కూడా ఉంటుంది.

బూట్ల విషయంలో మన తేమ చేసే మోసం ఒకటి ఉంది. చాలా బూట్ల మడమ కింద మెత్తటి పొర పాలీయురేథేన్‌ది. గాలిలోని తేమకి ఆ పదార్థం లోలోపల విడిపోతుంది, వాడకపోయినా సరే. వాడకపోతే ఇంకా త్వరగా, ఎందుకంటే నడకలో ఒత్తిడికి లోపలి తేమ కొంత బయటికి పోతుంది. కాకినాడ, అమలాపురం గాలిలో నాలుగైదేళ్లు అలమరాలో పడున్న బూటు చూడటానికి కొత్తగానే ఉంటుంది, రెండో రోజు నడకలో అట్ట మొత్తం ఊడి చేతికొస్తుంది. బంధువులు ఎప్పుడో తెచ్చిన బూట్లుంటే మడమ పక్కన పొరని బొటనవేలి గోరుతో గట్టిగా నొక్కండి. సన్న పగుళ్లు కనబడినా, పిండిలా రాలినా పక్కన పడేయండి. గుడారం లోపలి పూతకీ ఇదే జబ్బు. అది జిగటగా మారి పుల్లటి వాసన వేస్తుంటే నీళ్లు ఆపదు.

బూటు కొనేటప్పుడు సాయంత్రం పూట, నడకకి వేసుకునే మేజోళ్లతోనే తొడిగి చూడండి. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, లేకపోతే దిగుడులో గోళ్లు నల్లబడతాయి. కనీసం 80–100 కి.మీ. ఇక్కడ నడిచి అలవాటు చేసుకోండి. కాలు ఎక్కడైనా వేడిగా రాపాడినట్టు అనిపిస్తే బొబ్బ రాకముందే ఆగి టేపు వేయాలి. "ఇంకో కిలోమీటరే కదా" అనుకునేవాళ్లవే బొబ్బలు.

గుడారం గైడు సంస్థ ఇస్తుందో, మీరే తెచ్చుకోవాలో రాతపూర్వకంగా అడగండి. ఎవరిదైనా సరే, వేసి విప్పడం మీకు కళ్లు మూసుకుని రావాలి. సాధనకి సంక్రాంతి తర్వాత కోత అయిన పొలం బాగుంటుంది. కొబ్బరితోటలో వద్దు, మట్ట పడినా కాయ పడినా ప్రమాదమే. వరదల కాలంలో లంకల్లో అసలే వద్దు. కోరింగ అభయారణ్యం వైపు అనుమతి లేకుండా రాత్రి బస ఆలోచనే చేయకండి. పొలంలో వేశాక బోరు మోటారు పైపు పెట్టి పావుగంట నీళ్లు కొట్టండి, గాలి వైపు నుంచి, ఏటవాలుగా. కుట్ల దగ్గర, జిప్పు మూలలో, అడుగున నాలుగు మూలల్లో చెయ్యి పెట్టి చూడండి. కారితే కుట్టు మీద సీలెంటు రాసుకోవడానికి ఇంకా టైముంటుంది. జనవరి మంచులో పడుకుంటే ఇంకోటి కూడా తెలుస్తుంది: వాన లేకపోయినా పైగుడ్డ లోపలివైపు నీళ్లు పడతాయి. అది కారడం కాదు, మన ఊపిరి తేమే. గాలి రంధ్రాలు మూసేసినవాళ్లకి ఎక్కువ పడుతుంది.

అక్కడ వేసేటప్పుడు సన్నగా ఉండే కొస గాలికి ఎదురుగా పెట్టండి. గాలి వైపు మేకు ముందు దిగేశాకే మిగతా గుడ్డ విప్పాలి, లేదంటే గుడారం సముద్రంలో తేలుతుంది. మెత్తటి పీట్‌లో సన్న కమ్మీ మేకులు వెన్నలో దిగినట్టు దిగి అలాగే వచ్చేస్తాయి. వై ఆకారపు 20 సెం.మీ. మేకులు అడగండి, వీలైతే తాడుకి రాయి కూడా చుట్టండి. వాగు ఒడ్డున చదునుగా పచ్చగా కనబడే చోటు చాలాసార్లు వరద మేట వేసిన చోటే. స్లీపింగ్ బ్యాగు మీద రెండు అంకెలు రాసుంటాయి, 'కంఫర్ట్', 'లిమిట్' అని. చూడాల్సింది మొదటిదే, అది 0 డిగ్రీలు ఉండాలి. అడుగున పరుచుకునే చాపకి ఆర్ విలువ (చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 3 దాకా ఉంటే మంచిది, రాత్రి చలి ఎక్కువగా లాగేది నేలే. బ్యాగు మొత్తం లోపల ఒక మందపాటి ప్లాస్టిక్ సంచి పెట్టి అందులో సర్దండి. పైన వేసే రెయిన్ కవరు గాలికి ఎగిరిపోతుంది.

ఈత సంగతి. గోదావరి వరదకి మనకి ముందే కబురొస్తుంది. భద్రాచలంలో 43 అడుగులకి మొదటి హెచ్చరిక, ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులకి మొదటిది, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. గట్టు మీద సామాను ఎక్కించుకునే టైముంటుంది. రమ్‌లో వాగుకి కబురుండదు. కొండ మీద గంటసేపు గట్టి వాన పడితే పొద్దున చీలమండ లోతున దాటిన వాగు మధ్యాహ్నానికి తొడ లోతున ఉరుకుతుంది. అంత నీళ్లలో ఈత రాదు, నిలబడటమే రాదు. అడుగున రాళ్లు, నీరు మంచులా చల్లన. డిబిడిల్ దారిలో ఇలాంటి వాగులు ఉన్నాయి, వంతెనలు లేవు. మోకాలు దాటిన వేగపు నీళ్లలో దిగొద్దు. దిగాల్సి వస్తే బూట్లు విప్పకుండా, బ్యాగు నడుము బెల్టు, ఛాతీ బెల్టు విప్పుకుని, కర్ర ఎగువకి ఆనించి, ఎగువకి మొహం పెట్టి పక్కకి అడుగులు వేయండి. బెల్టు పెట్టుకుని పడితే బ్యాగు మిమ్మల్ని బోర్లా పడేసి లేవనివ్వదు. అన్నిటికన్నా మంచిది ఆగడం. వాన తగ్గిన కొన్ని గంటల్లో ఆ వాగు మళ్లీ దిగుతుంది. ఈత బాగా వచ్చినవాడే ఇక్కడ ఎక్కువ తొందరపడతాడు, మీలో అతనెవరో మీకే తెలుసు.

తిండి. బ్రిటన్‌లోకి మన దేశం నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లడం కుదరదు. నెయ్యి పాల పదార్థమే. కాబట్టి ఆత్రేయపురం పూతరేకులు, నేతి సున్నుండలు, పాలకోవా ఇక్కడే ఆపేయండి. నూనె పచ్చడి గట్టిగా మూత బిగించి చెక్‌ఇన్ సామానులో, చిన్న డబ్బాలో, మనిషికి 100 గ్రాములు చాలు. ఎండురొయ్యల పొడి సంగతి అడగలేదు గానీ అడుగుతారు. గుడారంలో ఆ వాసన నాలుగు రోజులుంటుంది, పక్క గుడారంలో గైడు ఉంటాడు.

మనిషికి రోజుకి 700–800 గ్రాముల పొడి తిండి లెక్క వేయండి, అదే 3000 కేలరీల పైన. అన్నం వండటం గ్యాసు దండగ. బొంబాయి రవ్వని నూనెలో పోపు వేసి, బాగా వేయించి, ఉప్పు కలిపి మనిషికి 100 గ్రాముల పొట్లాలుగా కట్టుకుంటే, మరిగే నీళ్లు రెండున్నర రెట్లు పోసి మూత పెట్టి పది నిమిషాలు ఆగితే చాలు. పల్చటి అటుకులకి మరగడం కూడా అక్కర్లేదు. దారిలో తినడానికి పల్లీ పట్టీలు, నువ్వుండలు, ఖర్జూరం జేబులో ఉండాలి, బ్యాగు అడుగున కాదు. వానలో ఎవరూ బ్యాగు దించి తినరు, తినకపోతే చలి త్వరగా పడుతుంది. గ్యాసు డబ్బా విమానంలో చేతి సామానులోనూ, చెక్‌ఇన్‌లోనూ నిషేధం. మాలెయిగ్ రైలు దారిలోనే ఉన్న ఫోర్ట్ విలియంలో దొరుకుతుంది. నీళ్లు మరిగించడమే అయితే 230 గ్రాముల డబ్బా ఇద్దరికి మూడు నాలుగు రోజులు వస్తుంది. పొయ్యి గుడారం లోపల వెలిగించొద్దు, మంటా ప్రమాదమే, కార్బన్ మోనాక్సైడూ ప్రమాదమే. వాగు నీళ్లు తేటగానే ఉంటాయి, ఎగువన ఏ జింక చచ్చిపడుందో తెలియదు, ఒక నిమిషం కుతకుతలాడించి తాగండి.

గైడు దగ్గర అడగాల్సినవి: మౌంటెన్ లీడర్ అర్హత ఉందా, ప్రథమ చికిత్స సర్టిఫికెట్ గడువులో ఉందా, బాధ్యత బీమా ఉందా, ఒక గైడుకి ఎంతమంది. ఆ అర్హత నడకకీ, గుడారం బసకీ సరిపోతుంది. ముందే అనుకుని తాడు వేసి ఎక్కించే రాతి పని దాని పరిధిలో లేదు, దానికి మౌంటెనీరింగ్ అండ్ క్లైంబింగ్ ఇన్‌స్ట్రక్టర్ గానీ అంతకు పై అర్హత గానీ కావాలి. ఆస్కివల్ కొమ్ము ఎక్కిస్తామని చెప్పేవాళ్లని ఈ ఒక్క ప్రశ్న అడిగితే తేలిపోతుంది. మీవైపు నుంచి బీపీ, షుగర్, మోకాలి ఆపరేషన్ ఏదున్నా దాచకుండా రాయండి. గైడు "ఇవాళ పైకి వద్దు" అంటే బేరం పెట్టొద్దు.

గుడారం వేసే హక్కు స్కాట్లాండ్‌లో 2003 నాటి భూసంస్కరణల చట్టం ఇచ్చింది, బాధ్యతగా ఉంటేనే. చిన్న గుంపు, ఒక చోట రెండు మూడు రాత్రులకి మించకుండా, ఇళ్లకి దూరంగా. మరుగుదొడ్డి పని నీటికి కనీసం 30 మీటర్ల అవతల, 15 సెం.మీ. గొయ్యి తీసి పూడ్చాలి. పీట్ మీద నెగడు వేయొద్దు, నేల లోపల్లోపల రోజులు కాలుతుంది. కొండ పైభాగంలో షియర్‌వాటర్ పక్షులు బొరియల్లో గుడ్లు పెడతాయి, ఆ పచ్చిక మీద గుడారం వద్దు. రాత్రిపూట అవి అరిస్తే మనిషి ఏడ్చినట్టుంటుంది, భయపడకండి.

పడవ వారంలో అన్ని రోజులూ ఉండదు. గాలి ఎక్కువైతే, వరదల్లో మన పంటు ఆగినట్టే, అదీ ఆగుతుంది. ఒక రోజు తిండి అదనంగా పెట్టుకోండి, తిరుగు విమానానికీ పడవకీ మధ్య రెండు రోజులు ఖాళీ ఉంచండి. దీవిలో చాలాచోట్ల ఫోను పలకదు. ప్రమాదమైతే 999 గానీ 112 గానీ చేసి ముందు పోలీసు, తర్వాత మౌంటెన్ రెస్క్యూ (కొండల్లో కాపాడే దళం) అని అడగాలి. అక్కడి సిమ్ తీసుకోగానే 'రిజిస్టర్' అనే ఇంగ్లీషు మాటని 999కి మెసేజ్ చేసి పెట్టుకుంటే, మాట వినబడని చోట మెసేజ్‌తోనైనా పిలవొచ్చు. ఈల అందరి మెడలో ఉండాలి: నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరు. రక్షణ దళం డబ్బు అడగదు, కానీ ఆసుపత్రి ఖర్చుకీ, తిరుగు ప్రయాణానికీ బీమా ఉండాలి. పాలసీలో కొండనడక, గుడారం బస రాసుందో లేదో చదవండి.

చివరిగా పిడుదులు. మన పశువులకి పట్టేవాటి చుట్టాలే, గసగసాలంత పిల్లవి ఎక్కువ ప్రమాదం. జింకలున్న గడ్డిలో ఉంటాయి, లైమ్ జబ్బు తెస్తాయి. ప్యాంటు మేజోళ్లలో దోపి నడవండి. రోజూ సాయంత్రం మోకాలి వెనక, గజ్జల్లో, చంకల్లో, జుట్టు అంచున చూసుకోండి. కనబడితే కిరసనాయిలు, నిప్పు, సున్నం ఏవీ పెట్టొద్దు, పిడుదు కక్కితే జబ్బు క్రిములు ఒంట్లోకి పోతాయి. సన్న మొన పట్టకారుతో చర్మానికి ఆనించి తల దగ్గర పట్టి నిదానంగా నిటారుగా లాగండి. తేదీ రాసుకోండి. తర్వాత కొన్ని వారాల్లో ఆ చోట ఎర్రటి వలయం పెరుగుతూ కనబడినా, జ్వరం వచ్చినా ఇక్కడి డాక్టరుకి ఎక్కడికి వెళ్లొచ్చారో, పిడుదు కుట్టిందనీ చెప్పండి. లేదంటే మలేరియా, డెంగీ పరీక్షలు రాసి పంపించేస్తారు.